సన్నగీత సోయగం

'వోగ్', 'హార్పర్స్ బజార్'... ఈ ఫ్యాషన్ పత్రికల అట్టమీద పేరును ఎప్పుడైనా గమనించారా? అక్షరంలో ఒక గీత బొద్దుగా ఉంటే, దాన్ని ఆనుకుని మరొకటి వెంట్రుకంత సన్నగా ఉంటుంది. చివర్లలో బ్లేడుతో గీసినట్టు చిన్న అడ్డగీతలు. వాటినే సెరిఫ్‌లంటారు. పక్కన బొమ్మేదీ లేకపోయినా 'ఇది ఖరీదైన సరుకు' అని ఆ అక్షరాలే చెప్పేస్తాయి. ఈ సోకు నిన్నమొన్నటిది కాదు, రెండు వందల ఏళ్లు దాటింది!

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ప్యారిస్‌లో డిడో కుటుంబం, ఇటలీలో జాంబాటిస్టా బొడోని ఇంచుమించు ఒకేసారి ఈ బాణీకి ప్రాణం పోశారు. ఆ రెండు పత్రికల పేర్లూ డిడో తరహావే. ఇక, 1740లో ముద్రాపకుడి ఇంట పుట్టిన బొడోని 1768లో పార్మా ప్రభువు ముద్రణాలయానికి పెద్దయ్యాడు. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కలోకి కొట్టి గుంట తీయాలి. అందులో సీసం కలిసిన లోహాన్ని కరిగించి పోయాలి. అక్షరం సైజు మారితే మళ్లీ మొదటికే! అందమైన అక్షరానికి తీరు, శుభ్రత, మంచి అభిరుచి, సొగసు ఉండాలన్నది ఆయన మాట. అమెరికా నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1787లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు.

తన అక్షరాలన్నిటినీ ఒక మహాగ్రంథంగా తేవాలన్నది బొడోని కల. అది తీరకుండానే 1813లో కన్నుమూశాడు. నలభై ఏళ్లకు పైబడిన శ్రమ ఎక్కడిదక్కడ ఆగిపోయేదే. కానీ భార్య మార్గరీటా వదల్లేదు. ముద్రణాలయంలో పెద్ద పనివాడు లుయీజీ ఓర్సీ సాయంతో అయిదేళ్లకు, 1818లో, 'మాన్యువాలే టిపోగ్రాఫికో'ను రెండు సంపుటాలుగా అచ్చేయించింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ బొడోని అక్షరాలకు కొత్త రూపమిచ్చాడు. ఇప్పుడు కంప్యూటర్లలోనూ ఆ పేరుతోనే ఫాంట్లున్నాయి. ఆయన చెక్కిన ఉక్కు అచ్చులు పార్మాలోని బొడోని మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

అత్తరు పెట్టె, సినిమా పోస్టరు, పుస్తకం అట్ట... పెద్ద సైజులో ఈ అక్షరాలకు తిరుగులేదు. అదే చిన్న సైజులో, గరుకు కాగితం మీదైతే సన్నగీతలు తెగిపోతాయి. లావుగీతలే మిగిలి కిటికీ ఊచల్లా కనిపిస్తాయి. పేజీ నిండా చదవాలంటే కళ్లకు శ్రమే. ఇంగ్లిషులో శుభలేఖ వేయించేవాళ్లకూ ఇదే సూత్రం. వధూవరుల పేర్లకు ఈ అక్షరాలు వాడి, చుట్టూ ఖాళీ వదిలేయండి. ముహూర్తం, చిరునామా, ఫోన్ నంబరు మాత్రం సాదా అక్షరాల్లో ఉంటేనే మేలు. పేరు చూసి మురిసిపోయిన చుట్టాలు... కల్యాణ మండపానికి దారి తప్పకూడదు కదా!