చేమయా, చేమను పోలినదియా?

వానకాలము వచ్చినతోడనే చంద్రపూరులోని మన పెరళ్లలో, నీరు జారెడు తావులందు, చేమ ఆకులు విప్పారును. మన ఇండ్లలో దానిని చేమ యనియు, చామగడ్డ యనియు పిలుతుము. పొరుగుననున్న మరాఠీ కుటుంబములవారు అళూ అందురు. హిందీవారు దాని దుంపను అర్బీ అందురు. మనము దుంపలతో పులుసు పెట్టుకొందుము. వారు ఆకులకు శనగపిండి పూసి, చుట్టి, ఆవిరిపై ఉడికించి అళూవడి చేయుదురు. పేర్లు మూడైనను మొక్క ఒక్కటే.

ఇప్పుడు నర్సరీలనుండి ఇట్టి ఆకారముగల అన్యదేశపు మొక్కలు కుండీలలో మన ముంగిళ్లకు వచ్చుచున్నవి. వీనికన్నిటికిని ఆంగ్లమున ఎలిఫెంట్ ఇయర్, అనగా ఏనుగు చెవి, అను పేరు వాడుకలోనున్నది. ఇచ్చట చిక్కు తిరుగబడినది: పేరు ఒక్కటే, మొక్కలు పెక్కు. చేమాకు తినదగినదే గదా యని, దానిని పోలినదానిని కూరకు కోసినచో కీడు కలుగును. కావున వీని భేదములను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును వివరింపదలచితిమి.

ఈ పొరపాటు మనకు మాత్రమే కలుగునది కాదు. లిన్నేయస్ అను మహాశాస్త్రజ్ఞుడు 1753లో చేమను, దానిని పోలిన మరికొన్నింటిని ఆరమ్ అను ఒకే ప్రజాతిలో చేర్చెను. 1832లో షాట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు చేమను కొలొకేసియా అనియు, అమెరికా మొక్కను జాంథొసోమా అనియు వేరుపరచెను. తరువాతివారు అలొకేసియాను ప్రత్యేక ప్రజాతిగా నిలిపిరి. ఇవన్నియు నేటికిని ఏరేసీ అను ఒక్క కుటుంబమునకు చెందినవే.

వీనిని గుర్తించుటకు ఆకు అందమును గాక, కాడ ఆకును ఎచ్చట కలియునో చూడవలెను.

చేమలో కాడ ఆకు అంచున కలియదు. వెనుకవైపున, గంటుకు కొంత లోపలగా అతుకుకొనును. ఆకు కొన నేలవైపు వ్రాలియుండును. పైని నీరు చల్లినచో తామరాకుమీదవలె ముత్యములై దొరలిపోవును.

అలొకేసియాలో పెద్దదియగు మాక్రోరైజోస్ ఆగ్నేయాసియా ప్రాంతమునుండి వచ్చినది. దాని ఆకు నిగనిగలాడుచు, కొన ఆకాశమువైపు చూచుచుండును. ముదిరిన ఆకులో కాడ గంటు దగ్గరనే కలియును. వయస్సు వచ్చినకొలది నేలపైని లావుపాటి మాను ఏర్పడును.

జాంథొసోమా అమెరికా ఉష్ణదేశములది. దాని ఆకు బాణపు మొనవలె నుండును. కాడ సరిగా గంటువద్దనే కలియును. ఆకు అంచు వెంబడి ఒక ఈనె చుట్టివచ్చుట దాని మరియొక గుర్తు.

కలాడియమ్ దక్షిణ అమెరికాది. ఆకులు పలుచన, వానిపై ఎరుపు, గులాబి, తెలుపు రంగుల మచ్చలును, చారలును ఉండును. ఇది కేవలము చూచుటకే గాని తినుటకు కాదు.

అయినను ఒక హెచ్చరిక చేయుచున్నాము. ఈ గుర్తులు మొక్కను తెలిసికొనుటకేగాని, తిండికి అనుమతి కావు. అలొకేసియాలలోనే కొన్నింటికి చేమవలె కాడ లోపలగా అతుకుకొనును. నల్లని ఆకుల చేమలు మొదలగు అలంకారపు రకములును నర్సరీలలో కలవు. కూరకై పెంచినదని పెద్దలు ఎరిగిన చేమనే కోయవలెను. కుండీలోని ఏ ఆకును వంటకు తీసికొనరాదు.

దీనికి కారణమేమి? ఈ కుటుంబపు మొక్కలలో కాల్షియమ్ ఆక్సలేట్ అను పదార్థము సూక్ష్మమైన సూదుల రూపమున కట్టలు కట్టలుగా నుండును. పచ్చి ఆకును నమిలినతోడనే ఆ సూదులు నాలుకలోను, గొంతులోను గ్రుచ్చుకొని మంటయు, వాపును కలిగించును. చేమలో సైతము ఇవి కలవు. అందువలననే చేమను బాగుగ ఉడికించినగాని తినరాదు. మన పులుసునకును, మరాఠీవారి అళూవడికిని చింతపండు వాడుటలో పూర్వుల అనుభవము కలదు. పసిపిల్లలు పొరపాటున ఆకును నమిలినచో వెంటనే ఉమ్మించి, నోరు కడిగి, చల్లని నీరుగాని పాలుగాని త్రాగింపవలెను. గొంతు వాచినను, ఊపిరి కష్టమైనను ఆలసింపక వైద్యునికడకు కొనిపోవలెను. రసము కంటిలో పడినచో ధారాళముగా నీటితో కడుగవలెను.

ఇక పెంపకము మాట. ఆకు ఎంత పెద్దదైన, దానినుండి ఆవిరియై పోవు నీరు అంత ఎక్కువ. చంద్రపూరులో మే నెలయందు ఎండ 46, 47 డిగ్రీలకు చేరును. మన అడవులలోని టేకును చూడుడు: దాని ఆకులును పెద్దవే; కాని వేసవిలో వానిని రాల్చుకొని చెట్టు బ్రతుకును. కలాడియమ్ అననుకూల కాలమున ఆకులను విడిచి, దుంపలో ప్రాణము దాచుకొనును. చేమకు తడి నేల కావలెను. అలొకేసియాకు తడి కావలెనుగాని, వేరుకడ నీరు నిలువరాదు. కావున ఈ కుండీలను వేసవిలో పడమటి ఎండ తగులని నీడకు చేర్చవలెను. పసిపిల్లలకు అందనిచోట నుంచవలెను.

విద్యార్థులారా! ఇంటిలో నేర్చిన చేమ యను పేరును మరువకుడు. పొరుగువారి అళూ యను పేరును నేర్వుడు. శాస్త్రమిచ్చిన కొలొకేసియా యను పేరును గుర్తుంచుకొనుడు. మూడును తెలిసినవాడు అమ్మకును, పొరుగింటి ఆయికిని ఏది కూరాకో, ఏది కుండీలోని అలంకారమో వారివారి మాటలలోనే చెప్పగలుగును. ఒక పసివాని నోటికి మంట తప్పించుటకు ఆ జ్ఞానము చాలును.