పెన్నా డెల్టా పళ్ళెంలో శక్తి లెక్క

నెల్లూరు తీరం అనగానే చేపల పులుసు గుర్తొస్తుంది. చేప ముట్టని ఇళ్ళలో ఒంటికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కూరగాయల నుంచి అనుకుంటే పొరపాటే. చాలా ఆకుకూరల్లో వంద గ్రాములకు నలభై కెలోరీలకు మించి ఉండవు. అంతే బియ్యంలో సుమారు 350, కందిపప్పులో 340, వేరుశనగ గింజల్లో 560కి పైగా, నూనెలో 900. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ పెన్నా డెల్టాలో రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి 1,400 కెలోరీలు అన్నం నుంచే అందుతాయి. రెండు వేల కెలోరీల రోజులో అది 70 శాతం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దన్నాయి.

అయితే అన్నం తగ్గిస్తే సరిపోదా అంటారు. చాలదు, తగ్గించిన చోట ఏం పెడతామన్నదే అసలు ప్రశ్న. బియ్యం 250 గ్రాములకు దించితే సుమారు 525 కెలోరీలు పోతాయి. ఆ ఖాళీని ఆకుకూర పూడ్చలేదు, నీరసమే మిగులుతుంది. మరో 50 గ్రాముల పప్పు, 50 గ్రాముల వేరుశనగ కలిపితే 450 తిరిగొస్తాయి, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం కూడా పప్పుతో అందుతుంది. పప్పు ఖరీదన్న మాట నిజమే, కాదనను. కానీ వేరుశనగ ఈ తీరపు ఇసుక నేలల్లోనే పండుతుంది. దాన్ని నూనెగానే కాక గింజగానూ రోజూ తినండి.