కోల్‌కతా చైనీయుల బూట్ల దుకాణాలు ఎందుకు కనుమరుగవుతున్నాయి?

మధ్య కోల్‌కతాలో ఎస్‌ప్లనేడ్ వైపు నుంచి లాల్‌బజార్‌కు వెళ్లే రోడ్డు బెంటింక్ స్ట్రీట్. కొలత ఇచ్చి బూట్లు కుట్టించుకోవాలంటే ఒకప్పుడు నగరవాసులకు ముందుగా గుర్తొచ్చే వీధి ఇదే. వరసగా చైనీయుల దుకాణాలు ఉండేవి. ఇప్పుడు వాటిలో మిగిలినవి కొన్నే.

రెడీమేడ్ బూట్లు వచ్చాయి, చేతిపని పోయింది అని చెప్పేయవచ్చు. కానీ అది సగం నిజమే. బాటా కంపెనీ ఈ నగరం పక్కనే, బాటానగర్‌లో 1930లలోనే ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు చైనీయుల దుకాణాలు నడిచాయి. యంత్రంతో పోటీని అంతకాలం తట్టుకున్న వీధికి తర్వాత ఏమైంది?

ఈ పని వారికే ఎందుకు దక్కింది?

చైనీయులు 18వ శతాబ్దం చివరి నుంచి కోల్‌కతాకు రావడం మొదలైంది. వచ్చినవారు ప్రాంతాల వారీగా వృత్తులు పంచుకున్నారు. కాంటనీయులు వడ్రంగులయ్యారు. హుబే ప్రాంతం వారు పళ్లు కట్టే పని చేశారు. హక్కా చైనీయులు తోలు, బూట్ల పనిలోకి వెళ్లారు.

తోలు పని వారికి దక్కడానికి కారణం మన కుల వ్యవస్థే. చర్మాన్ని ముట్టుకుంటే మైల అనుకునే సవర్ణ హిందువులు ఈ వ్యాపారం జోలికి రాలేదు. ఆ ఖాళీలోకి బయటివారు వచ్చారు. హక్కాలు నగర శివారులోని టాంగ్రాలో, చిత్తడి నేలల మీద టానరీలు పెట్టారు. వాటిలో రోజుకూలీకి పచ్చి తోళ్లు మోసినవారిలో ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చిన చమార్ కులస్థులు. 'చైనీయుల కళ' అని ముచ్చటగా చెప్పుకునేటప్పుడు వారి మాట సాధారణంగా రాదు.

బెంటింక్ స్ట్రీట్ దుకాణానికి బలం అక్కడే ఉంది. తోలు ఎంచేవారు, శుద్ధి చేసేవారు, కుట్టేవారు ఒకే నగరంలో, చాలాసార్లు బంధుత్వాల్లోనే ఉండేవారు. పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీసి, టేపుతో పైభాగం కొలిచి, దానికి సరిపడే చెక్క అచ్చు మీద తోలును లాగి బిగించి కుట్టడం ఈ పని పద్ధతి. రెండు పాదాలకూ తేడా ఉంటే రెండు బూట్లకూ తేడా ఉంటుంది. ఇది పుస్తకం చూసి నేర్చుకునే పని కాదు. పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూడాలి.

1962 తర్వాత

భారత్-చైనా యుద్ధంతో ఆ పక్కన కూర్చునేవారి సంఖ్య తగ్గడం మొదలైంది. చైనా మూలాలున్న సుమారు 3 వేల మందిని ప్రభుత్వం రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించింది. వారిలో భారత్‌లోనే పుట్టినవారు, పిల్లలు, వృద్ధులు కూడా ఉన్నారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చిన చాలామందికి ఇల్లూ లేదు, వ్యాపారమూ లేదు. నిర్బంధం తప్పినవారు కూడా ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాల్సి వచ్చేది.

అలాంటి చోట పిల్లలకు దుకాణం అప్పగించాలని ఎవరనుకుంటారు? ఇంగ్లిష్ బడుల్లో చదివించారు. వీలున్నవారు టొరంటోకు పంపారు. ఒకప్పుడు 20 వేలకు పైగా ఉండేవారని చెప్పే కోల్‌కతా చైనీయులు ఇప్పుడు 2 వేల దగ్గర ఉంటారని అంచనా. మిగిలినవారిలోనూ చాలామంది రెస్టారెంట్లు, బ్యూటీ పార్లర్ల వైపు మళ్లారు.

రెండో దెబ్బ కోర్టు నుంచి వచ్చింది. నగరంలోని టానరీలు మురుగును శుద్ధి చేయకుండా వదులుతున్నాయంటూ సాగిన ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 19న తీర్పు ఇచ్చింది. టాంగ్రా, తిల్జలా, తొప్సియా పరిసరాల్లోని సుమారు 550 టానరీలు 1997 సెప్టెంబర్ 30లోగా తరలిపోవాలని ఆదేశించింది. తరలింపు గడువు దాటి ఏళ్ల పాటు సాగింది. కాలుష్యం నిజం, తీర్పును తప్పుపట్టలేం. కానీ అప్పటికే సగం ఖాళీ అయిన సమాజంలో, బంతలాలో కొత్త స్థలం కొని మళ్లీ మొదలుపెట్టే ఓపిక అందరికీ లేకపోయింది. తోళ్లు ఆరబెట్టిన షెడ్లు కొన్ని రెస్టారెంట్లయ్యాయి. టాంగ్రా అంటే ఇప్పుడు చాలామందికి చిల్లీ చికెనే గుర్తొస్తుంది.

పర్యటకులు ఆదివారం పొద్దున్నే టిరెట్టా బజార్‌కు మోమోలు, పావ్‌ల కోసం వస్తారు. నాలుగడుగుల దూరంలోని బూట్ల వీధికి అంతమంది వెళ్లరు. తిండిని ఫొటో తీసి అరగంటలో తినేయొచ్చు, కుట్టించుకునే బూటు కోసం రోజుల తరబడి ఆగాలి మరి.

కోల్‌కతాలో తోలు వ్యాపారం మాత్రం ఆగలేదు. బంతలా లెదర్ కాంప్లెక్స్ నుంచి సరుకు విదేశాలకు వెళ్తూనే ఉంది. ఎడమ పాదం కాస్త వెడల్పు, అక్కడ కొంచెం వదులు ఇవ్వండి అని ఎదురుగా నిలబడి చెప్పుకోవాలంటే మాత్రం బెంటింక్ స్ట్రీట్‌లో ఇంకా తెరిచి ఉన్న తలుపు వెతుక్కోవాలి.