ఫోను ఆటలు: పిల్లలకు మేలెంత? కీడెంత?

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది. "మా గుంటడు అన్నం లేకపోయినా ఉంటాడు గానీ ఫోను లేకపోతే ఉండడు" అని. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు అదే అంటారు. భోగాపురం తీరంలో చేపలు అమ్మే ఆడవాళ్లూ అదే అంటారు.

ఫోనులో పిల్లలు ఏం చేస్తున్నారు? చాలామంది ఆటలు ఆడుతున్నారు. వీటినే వీడియో గేములు అంటారు. ఇవి మంచివా, చెడ్డవా? ఒక్క మాటలో చెప్పలేం. ఏ ఆట? ఎంతసేపు? ఎవరి డబ్బుతో? ఈ మూడూ తెలిస్తే అప్పుడు చెప్పవచ్చు.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

వీడియో గేములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1972లో అమెరికాలో అటారి అనే కంపెనీ 'పాంగ్' అనే ఆట తయారు చేసింది. తెర మీద రెండు గీతలు, ఒక చుక్క. అంతే. చుక్క బంతి. గీతలు బ్యాట్లు. నాణెం వేస్తే ఆట నడిచేది. జనం నాణేలు పట్టుకుని వరస కట్టారు. తరవాత జపాన్ కంపెనీలు ఈ పని అందుకున్నాయి. 1985లో మీసాల 'మారియో' ఆట వచ్చింది. 1990లలో మన పట్టణాల్లో కూడా టీవీకి తగిలించే ఆట పెట్టెలు కనిపించాయి. అవి డబ్బున్న వాళ్ల ఇళ్లలోనే ఉండేవి. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చింది. చాలామంది పెద్దలు కూడా ఆడిన ఆట అది.

పల్లెల్లోకి ఈ ఆటలు బాగా వచ్చింది ఆలస్యంగానే. 2016 తరవాత ఇంటర్నెట్ చవక అయింది. 2020లో కరోనా వచ్చింది. బడులు మూశారు. పాఠాలు టీవీలోనూ, ఫోనులోనూ చెప్పారు. పిల్లల చదువు పోతుందని అప్పు చేసి ఫోన్లు కొన్న ఇళ్లు ఉన్నాయి. మళ్లీ బడులు తెరిచారు. పాఠం బడికి వెళ్లిపోయింది. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దు గూకని ఆట

"ఏటి సేస్తన్నావురా అక్కడ?"

"ఒక్క ఆట మామ్మా. ఇప్పుడే అయిపోతాది."

అది అయిపోదు. ఎందుకని?

గోళీలాట చూడండి. కర్రాబిళ్ళ చూడండి. పొద్దు గూకితే బిళ్ళ కనపడదు. ఆట ఆగిపోతుంది. కాళ్లు నొప్పెడతాయి. ఆకలి వేస్తుంది. అమ్మ కేకేస్తుంది. ఆ ఆటలు వాటంతట అవే ముగుస్తాయి. ఫోను ఆటకు పొద్దు గూకదు. అది ముగియకుండా ఉండేలాగే తయారు చేశారు. పిల్లవాడు మొండివాడని మనం తిడతాం. కానీ అవతల చదువుకున్న మనుషులు వందల మంది కూర్చుని, వాడు లేవకుండా ఉండేలా ఆ ఆటను మలిచారు.

ఎలా మలిచారంటే, ఆటలో మెట్లు పెడతారు. మొదటి మెట్టు చాలా సులువు. రెండోది కాస్త కష్టం. ఎప్పుడూ 'ఇంకొక్కటి ఎక్కేయగలను' అనిపిస్తుంది. రోజూ ఆట తెరిస్తే ఒక చిన్న బహుమతి ఇస్తారు. ఒక రోజు మానేస్తే అది పోతుంది. ఇంకొన్ని బహుమతులు ఎప్పుడు వస్తాయో తెలియదు. జాతరలో సబ్బుల మీద రింగు విసిరే ఆట అందరికీ తెలుసు. రింగు సబ్బు అంచుకు తగిలి పడిపోతుంది. 'అయ్యో, కొంచెంలో పోయింది' అని ఇంకో 10 రూపాయలు ఇస్తాం. ఆ 'కొంచెంలో పోయింది' అన్నదే ఫోను ఆటకు పెట్టుబడి. జాతర 3 రోజుల్లో అయిపోతుంది. ఫోను జాతర ఏడాదంతా జేబులోనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పెద్దలు దీన్ని గమనించరు. తుపాకులతో ఆడే కొన్ని ఆటల్లో ఒకేసారి 100 మంది వరకూ ఆడతారు. నలుగురు స్నేహితులు ఒక జట్టు కడతారు. ఒక ఆటకు అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఫోను లాక్కుంటే, కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ని చెయ్యి పట్టి ఈడ్చినట్టే. జట్టు ఓడిపోతుంది. మర్నాడు బడిలో స్నేహితులు తిడతారు. అందుకే వాడు అంత గట్టిగా అరుస్తాడు. "ఈ ఆట అవ్వగానే ఇచ్చెయ్" అని ముందే చెబితే గొడవ సగం తగ్గుతుంది.

మేలు ఏమీ లేదా?

ఉంది. 2003లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి కనిపెట్టారు. వేగంగా కదిలే వీడియో గేములు ఆడేవాళ్లు తెర మీద ఒకేసారి ఎక్కువ వస్తువులను గమనించగలరు. 2007లో డాక్టర్ల మీద ఇంకో పరిశోధన అచ్చయింది. కడుపు పెద్దగా కోయకుండా, చిన్న కన్నం పెట్టి, కెమెరా దూర్చి చేసే ఆపరేషన్లు ఉంటాయి. వాటికి సాధన చేసే పరీక్షలో, ఒకప్పుడు వారానికి 3 గంటలకు పైగా వీడియో గేములు ఆడిన డాక్టర్లు 37 శాతం తక్కువ తప్పులు చేశారు. లెక్క వారానికి అని గమనించాలి. రోజుకు 6 గంటలు ఆడినవాడు డాక్టరు అయిపోతాడని దీని అర్థం కాదు.

చదరంగం ఫోనులో ఉంది. ఎదురు మనిషి లేకపోయినా నేర్చుకోవచ్చు. లెక్కల ఆటలు ఉన్నాయి. పదాలు కూర్చే ఆటలు ఉన్నాయి. లూడో ఉంది. అది మన పచ్చీసు ఆట నుంచి పుట్టిందే. ఇంగ్లండు వెళ్లి, పేరు మార్చుకుని తిరిగొచ్చింది. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవు దాకా వేటకు వెళతారు. నెలల తరబడి ఇంటికి రారు. అలాంటి తండ్రి రేవులో ఉన్న రోజున ఫోనులో కూతురితో లూడో ఆడితే, ఆ పావుగంటను చెడ్డది అనగలమా? నడవలేని పిల్లలు, బయటకు రాలేని పిల్లలు కూడా ఈ ఆటల్లో నలుగురితో కలుస్తున్నారు.

కీడు ఎక్కడ మొదలవుతుంది?

ముందు నిద్ర దగ్గర. రాత్రి 12 దాకా ఆడిన పిల్లవాడు పొద్దున్న బడిలో కునుకుతాడు. చదువు ఎక్కదు. చిరాకు పెరుగుతుంది. తరవాత కళ్లు. తెర చూసేటప్పుడు రెప్ప కొట్టడం తగ్గుతుంది. కళ్లు ఎండి మంట పెడతాయి. ఎప్పుడూ దగ్గరి వస్తువునే చూసే పిల్లలకు దూరపు చూపు మందగించే ప్రమాదం ఎక్కువ. ఎండలో, ఆరుబయట తిరిగే పిల్లలకు ఆ ప్రమాదం తక్కువ. తైవాన్ దేశంలో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 2 గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడిపారు. చూపు మందగించే పిల్లల సంఖ్య ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది, ఆ తరవాత తగ్గింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. అన్నం తినిపించడానికి చంటిపిల్ల ముందు ఫోను పెట్టే తల్లులు ఇది తెలుసుకోవాలి.

ఒళ్లు కదలకపోవడం ఇంకో నష్టం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తింది. కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి కూడా బరువులెత్తే ఆడపిల్లలు అంతర్జాతీయ పోటీల దాకా వెళ్లారు. అలాంటి ఊళ్లున్న చోట, కల్లాలు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా పిల్లలు అరుగు మీద వంగి కూర్చుంటున్నారు.

తుపాకి ఆటలు ఆడితే పిల్లలు హింసకు దిగుతారా? దీని మీద పరిశోధకులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. కానీ పెద్దల కోసం చేసిన ఆటను 8 ఏళ్ల వాడి చేతిలో పెట్టడం తగదు. కొన్ని ఆటల్లో ముక్కూ మొహం తెలియని వాళ్లు మాట కలుపుతారు. ఫొటో అడుగుతారు. ఊరు అడుగుతారు. అది ఇంకా పెద్ద ప్రమాదం.

డబ్బు సంగతి

చాలా ఆటలు ఉచితం. మరి కంపెనీకి డబ్బు ఎలా వస్తుంది? ప్రకటనల వల్ల కొంత. ఆటలో అమ్మే వస్తువుల వల్ల కొంత. ఆటలోని బొమ్మ మనిషికి చొక్కా అమ్ముతారు. తుపాకికి రంగు అమ్ముతారు. వాటిని కొనడానికి నాణేలు, వజ్రాలు అమ్ముతారు. వజ్రాలు బొమ్మవి. పోయే రూపాయలు మాత్రం నిజమైనవి.

ఒక ఇల్లు అనుకుందాం. కొడుకు, కోడలు చెన్నైలో కట్టుబడి పనికి వెళ్లారు. మనవడు మామ్మ దగ్గర ఉన్నాడు. కొడుకు నెలనెలా ఖాతాలో డబ్బు వేస్తాడు. మామ్మకు చదువు రాదు. కొట్టులో డబ్బు కట్టాలంటే మనవడే ఫోను తీస్తాడు. రహస్య అంకెలు కూడా వాడే నొక్కుతాడు. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే వాడే చదువుతాడు. తాత మందుల కోసం మామ్మ బ్యాంకుకు వెళ్లింది. 6,000 ఉండాలి. 1,850 ఉన్నాయి. గుంటడు ఒకసారి 29 రూపాయలు కట్టాడు. ఇంకోసారి 80. "ఎంతలే అనుకున్నాను మామ్మా" అని ఏడ్చాడు. వాడు దొంగ కాదు. తాళంచెవి వాడి చేతికి ఇచ్చింది ఇల్లే.

2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లాలో అక్షరాస్యత సుమారు 59 శాతం. శ్రీకాకుళం జిల్లాలో సుమారు 62 శాతం. అంటే చాలా ఇళ్లలో ఫోను చదవగలిగింది పిల్లలు మాత్రమే. అచ్చులు, హల్లులు, అంకెలు నేర్చుకున్న తల్లికి ఇక్కడే పని ఉంది.

మొదట రహస్య అంకెలు మార్చాలి. అవి 4 గానీ, 6 గానీ ఉంటాయి. వాటిని తనే నొక్కాలి. పిల్లలకు చెప్పకూడదు. బ్యాంకు మెసేజ్‌లో 'డెబిట్' అని ఉంటే డబ్బు పోయింది. 'క్రెడిట్' అని ఉంటే వచ్చింది. పక్కన ఎంతో అంకెల్లో ఉంటుంది. ఫోను భాషను తెలుగులోకి మార్చుకోవచ్చు. ప్లే స్టోర్‌లో ప్రతి ఆట దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అని అంకె ఉంటుంది. అది వయసు. 16+ అంటే 16 ఏళ్లు నిండిన వాళ్లకే. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో 'డిజిటల్ వెల్‌బీయింగ్' అని ఒకటి ఉంటుంది. ఏ ఆట ఎంతసేపు ఆడారో అక్కడ కనిపిస్తుంది. గంట దాటితే ఆట ఆగిపోయేలా కూడా పెట్టవచ్చు.

పెద్దలు తక్కువ తిన్నారా? నోట్లో అడ్డచుట్ట పెట్టుకుని మనవణ్ని చుట్ట తాగొద్దంటే వాడు వింటాడా? అన్నం దగ్గర, పడుకునే చోట ఫోను ఉండకూడదంటే అది ఇంట్లో అందరికీ ఉండాలి.

చట్టం ఏం చెబుతుంది?

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో పాటు 118 యాప్‌లను నిషేధించింది. దేశ భద్రత కోసమని చెప్పింది. మరుసటి ఏడాదే అలాంటి ఆట ఇంకో పేరుతో వచ్చింది. పందెం కట్టే ఆటల సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి వాటిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఇలాంటి చట్టం చేసింది. చైనాలో 2021లో ఇంకా గట్టి నియమం పెట్టారు. 18 ఏళ్లలోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ ఆట. మన దేశంలో ఆ గడియారం ఇంటివాళ్లే పెట్టాలి.

ఆట జబ్బుగా మారితే

ఎక్కువగా ఆడే పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తులు ఇవి. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం. తిండి, చదువు, స్నేహితుల కన్నా ఆటే ముఖ్యం కావడం. నష్టం జరుగుతోందని తెలిసీ ఆడుతూనే ఉండడం. సాధారణంగా ఏడాది పాటు ఇలా ఉంటే జబ్బు అంటారు. అంతదాకా చూస్తూ కూర్చోనక్కర్లేదు. 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడతారు.

పిల్లవాణ్ని ఎవరైనా ఆటలో బెదిరిస్తే 1098కి చెప్పాలి. మోసం చేసి డబ్బు లాగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. పిల్లవాడే తెలియక గూగుల్ ప్లేలో కొనేస్తే, 48 గంటల లోపు డబ్బు వాపసు అడగవచ్చు. తప్పకుండా ఇస్తారని లేదు, కానీ అడగాలి. అప్పటిదాకా బ్యాంకు మెసేజ్ చెరిపేయకూడదు. తేదీ, డబ్బు ఎంత, లావాదేవీ నంబరు, అన్నీ అందులోనే ఉంటాయి.