డైవింగ్ వీరుల నుంచి మన పిల్లలు ఏం నేర్చుకోవచ్చు?

ఒలింపిక్స్ జరిగేటప్పుడు టీవీలో డైవింగ్ పోటీలు మీరూ చూసే ఉంటారు. ఎత్తైన చోటు నుంచి ఒకరు గాల్లోకి లేచి, మూడు పల్టీలు కొట్టి, నీళ్ళు చిందకుండా సూదిలా లోపలికి దిగిపోతారు. చూడ్డానికి భలేగా ఉంటుంది. ఆ ఆట లెక్క తెలిస్తే ఇంకా బాగుంటుంది. కాబట్టి ముందు లెక్క, తర్వాత ముగ్గురి కథ. ముగ్గురూ ఒకరికొకరు ముడిపడిన వాళ్ళే: ఒకరు గురువు, ఒకరు శిష్యుడు, మూడో ఆయన ఆ శిష్యుడి ప్రత్యర్థి.

ప్లాట్‌ఫారం ఎత్తు 10 మీటర్లు, అంటే దాదాపు మూడంతస్తుల మేడ. అక్కడి నుంచి ఊరికే పడితే నీళ్ళు తగలడానికి 1.4 సెకన్లు చాలు. తొమ్మిదో తరగతి వాళ్ళు సైన్సు పుస్తకంలోని సూత్రంతో వేసి చూసుకోండి. నీళ్ళను తాకేటప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ కాస్త సమయంలోనే పల్టీలన్నీ అయిపోవాలి. స్ప్రింగ్ బోర్డు పోటీ వేరు. అది 3 మీటర్ల ఎత్తులో ఊగే పలక.

మార్కుల సంగతి. ఇప్పటి పద్ధతిలో ఏడుగురు జడ్జీలు పదికి మార్కులేస్తారు. అందులో పెద్దవి రెండు, చిన్నవి రెండు తీసేస్తారు. మిగిలిన మూడూ కూడి, ఆ డైవ్ ఎంత కష్టమో చెప్పే అంకెతో హెచ్చిస్తారు. కష్టం 2.0 ఉన్న డైవ్‌కి మూడు పదులు వచ్చినా 60 పాయింట్లే. కష్టం 3.4 ఉన్నదానికి మూడు ఏడులొస్తే 71.4. తప్పులు లేకుండా తేలికైంది చేసినవాళ్ళ కంటే, కష్టమైంది ఓ మోస్తరుగా చేసినవాళ్ళు ముందుంటారన్నమాట. మన పరీక్షల్లో ఇలాంటి లెక్క లేదు. అందుకే పిల్లలు తెలిసిన ప్రశ్న దగ్గరే ఆగిపోతారేమో అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక మొదటి ఆయన, శామీ లీ. 1920లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. తల్లిదండ్రులు కొరియా నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఆ రోజుల్లో ఆయన వెళ్ళే పాసడీనా ఊరి ఈతకొలనులోకి తెల్లవాళ్ళు కాని పిల్లలకు వారంలో ఒక్కరోజే ప్రవేశం. ఆ రోజు అయ్యాక నీళ్ళన్నీ తోడేసి కొత్తవి నింపేవారు! మరి మిగతా ఆరు రోజులూ? ఆయన కోచ్ తన ఇంటి పెరట్లో గొయ్యి తవ్వి ఇసుక నింపారు. లీ ఆ ఇసుకలోకే దూకి సాధన చేశారు. ఇసుకలో దిగడం నీళ్ళలో కంటే కష్టం. కాళ్ళలో బలం అక్కడే వచ్చిందని ఆయన గురించి రాసినవాళ్ళు అంటారు.

తల్లిదండ్రులు చదవాల్సిన ముక్క ఇక్కడుంది. లీ నాన్నగారికి కొడుకు డాక్టరు కావాలని. కొడుక్కేమో ఒలింపిక్స్. ఎవరూ ఎవరినీ ఓడించలేదు. లీ వైద్యం చదివారు, డైవింగూ వదల్లేదు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగనే లేదు. 1947లో డాక్టరు పట్టా, 1948 లండన్‌లో ప్లాట్‌ఫారం స్వర్ణం. 1952లో హెల్సింకీలో తన 32వ పుట్టినరోజు నాడే మళ్ళీ స్వర్ణం. ఆ తర్వాత చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పనిచేస్తూ పిల్లలకు డైవింగ్ నేర్పారు.

అలా ఆయన దగ్గరికి వచ్చిన కుర్రాడే గ్రెగ్ లుగానిస్. శిష్యుడు. పసిబిడ్డగా ఉన్నప్పుడే దత్తత వెళ్ళాడు. బళ్ళో నత్తి. చదవబోతే అక్షరాలు తారుమారు. తోటివాళ్ళు మొద్దబ్బాయని వెక్కిరించారు. అది డిస్లెక్సియా అని చాలా ఏళ్ళకు గాని తేలలేదు.

కాస్త పక్కకు వెళ్తున్నాం, ఏమనుకోకండి. మన బడుల్లో పిల్లలు తెలుగు, ఈ రాష్ట్ర భాష, ఇంగ్లీషు, మూడూ నేర్చుకుంటారు. ఎవరైనా చదవడంలో వెనకబడితే “మూడు భాషల బరువు వల్లే, తెలుగు తీసేద్దాం సార్” అనే మాట వెంటనే వస్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లకు భాష తగ్గిస్తే అది పోదు. చదివే ప్రతి భాషలోనూ ఏదో రూపంలో కనిపిస్తుంది. మీ బాబు గాని పాప గాని మాటలో చురుగ్గా ఉండి, చదవడంలో మాత్రం ఇబ్బంది పడుతుంటే, ముందు క్లాసు టీచరుతో మాట్లాడండి. తిట్టడం, టీసీ అడగడం తర్వాత చూద్దాం.

లుగానిస్ 16వ ఏట, 1976 మాంట్రియల్‌లో రజతం గెలిచాడు. అప్పుడు కోచ్ శామీ లీయే. 1980లో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. నాలుగేళ్ళ సాధన పోయింది, తన తప్పేమీ లేకుండానే. 1984 లాస్ ఏంజెలెస్‌లో రెండు స్వర్ణాలు.

ఇక 1988, సోల్. స్ప్రింగ్ బోర్డు అర్హత పోటీలో తొమ్మిదో డైవ్. వెనక్కి తిరిగే పల్టీలో తల వెనక భాగం పలకకు ఠపీమని తగిలింది. స్టేడియమంతా నిశ్శబ్దం. గాయానికి కుట్లు వేశారు. అరగంట దాటాక మళ్ళీ అదే పలక ఎక్కాడు. ఆ రోజు అందరిలోకీ ఎక్కువ పాయింట్లు వచ్చింది ఆ డైవ్‌కే. మర్నాడు ఫైనల్లో తల తగిలిన అదే డైవ్ మళ్ళీ చేసి స్వర్ణం గెలిచాడు. ధైర్యం అని ఒక్క మాటలో తేల్చేస్తే సరిపోదనుకుంటాం. భయం లేకపోవడమే ధైర్యమైతే అది ఎవరికీ ఉండదు. ఎన్నో ఏళ్ళుగా వేలసార్లు చేసిన పని కాబట్టి, మనసు బెదిరినా ఒంటికి దారి గుర్తుంది. ముందురోజు రాత్రి చదివినవాళ్ళకూ, ఏడాదంతా రోజూ అరగంట చదివినవాళ్ళకూ పరీక్ష హాల్లో తేడా వచ్చేది ఇక్కడే.

కొద్దిరోజులకు ప్లాట్‌ఫారం ఫైనల్. చైనా నుంచి 14 ఏళ్ళ షియోంగ్ ని వచ్చాడు. చివరి డైవ్ దాకా అతనే ముందున్నాడు. లుగానిస్ 3.4 కష్టమున్న డైవ్‌తో దాటేశాడు. తేడా 1.14 పాయింట్లు. 638.61, 637.47.

మన ఇళ్ళల్లో అయితే ఒక్క మార్కులో ఫస్టు రాంక్ పోయిందని ఎన్నాళ్ళు చెప్పుకుంటామో! ఆ అబ్బాయి మాత్రం ఆడుతూనే ఉన్నాడు. 1992లో కాంస్యం వచ్చింది, అంటే ఇంకో మెట్టు కిందికి. తర్వాత ప్లాట్‌ఫారం వదిలి స్ప్రింగ్ బోర్డుకు మారాడు. ఓడిన చోటే తల బాదుకోకుండా తనకు నప్పేది వెతుక్కోవడం కూడా తెలివే. దీన్ని పారిపోవడం అనుకోకూడదు. 1996 అట్లాంటాలో స్వర్ణం. ఆట మానేసి, మళ్ళీ తిరిగొచ్చి, 2000 సిడ్నీలో జంట పోటీలో ఒక స్వర్ణం, ఒంటరి పోటీలో ఇంకొకటి. ఒంటరి పోటీలో మెక్సికో ఆటగాడి మీద గెలిచిన తేడా 0.30. అప్పటికి అతనికి 26 ఏళ్ళు.

పిల్లలకు ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి సెలవుల్లో బావుల్లోకీ, చెరువుల్లోకీ, క్వారీ గుంతల్లోకీ తలకిందులుగా దూకకండి. పోటీలు జరిగే కొలనులో ప్లాట్‌ఫారం కింద దాదాపు 5 మీటర్ల లోతు నీళ్ళుంటాయి, అడుగున రాయి ఉండదు. మన బావుల్లో లోతెంతో, లోపల ఏముందో పైనుంచి కనిపించదు. మెడ ఎముక విరిగితే జీవితాంతం మంచమే. ఈత నేర్చుకోవాలని ఉంటే పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, నేర్పేవాళ్ళున్న ఈతకొలనుకే వెళ్ళండి. మొదటి రోజు మెట్ల దగ్గరే దిగండి.