పురుగు అలవాటు పడిందా? – నాలుగు ఇంటిపని ప్రశ్నలు

వ్యవసాయ బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థులకు సెలవులకు ముందు నాలుగు ప్రశ్నలు ఇచ్చి, ఇంటి వద్ద జవాబులు రాసి తెమ్మనడం నేను చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. కణం, శరీరధర్మం, సూక్ష్మజీవులు, పరిణామం – ఒక్కో విభాగం నుండి ఒక్కో ప్రశ్న. ఉప్పు నేలలో తడి ఉన్నా మొక్క ఎందుకు వడలిపోతుంది? నీట మునిగిన వరి ఎందుకు పొడవు సాగుతుంది? వేరుశనగ బుడిపెలలోని బాక్టీరియా మొక్కకు నత్రజని ఎందుకు ఇస్తుంది? బీటీ పత్తిపై గులాబీ రంగు పురుగు మళ్లీ ఎందుకు వచ్చింది?

ప్రశ్నలు ఏటా కొద్దిగా మారినా జవాబులు పెద్దగా మారవు. ‘మొక్క ఉప్పు నీటిని స్వీకరించడానికి ఇష్టపడదు.’ ‘వరి గాలి పీల్చుకోవడానికి పైకి సాగుతుంది.’ ‘బాక్టీరియా మొక్కకు సహాయం చేస్తుంది.’ ‘పురుగు విషానికి అలవాటు పడింది.’ నాలుగూ చదవడానికి సబబుగానే ఉంటాయి. నాలుగింటిలోనూ ఉన్న పొరపాటు మాత్రం ఒక్కటే. మొక్కకు, సూక్ష్మజీవికి, పురుగుకు ఒక మనసును, ఒక ఉద్దేశాన్ని అంటగట్టి, అసలు లోపల ఏమి జరుగుతున్నదో చెప్పకుండా వదిలివేయడం. మొదటి మూడు జవాబులకు మార్కులు తగ్గించేవాడిని. నాలుగోదానికి మాత్రం చాలా సంవత్సరాలు పూర్తి మార్కులు ఇచ్చాను. నేను తయారుచేసుకున్న మూల్యాంకన పత్రంలోనూ ఆ మాటే ఉండేది.

ఆ తప్పును పట్టి చూపినది ఒక పత్తి రైతు. ఒక గ్రామంలో జరిగిన రైతు సదస్సులో నేను, “గులాబీ రంగు పురుగు బీటీ విషానికి అలవాటు పడింది” అని చెప్పాను. వెనుక వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు లేచి, “అయ్యా, అలవాటు పడిందంటున్నారు గదా, రెండేళ్లు మామూలు పత్తి వేస్తే ఆ అలవాటు తప్పిపోతుందా?” అని అడిగారు. నేను “తప్పిపోదండీ” అని చెప్పి తరువాతి అంశంలోకి వెళ్లిపోయాను. ఏ ఆధారంతో అలా అన్నానో ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో ఆలోచించుకుంటే నాకే తెలియలేదు. ఆయన ప్రశ్న నా మాటలోంచే పుట్టింది. అలవాటు అయినది మానుకోవచ్చు గదా! మాట తప్పైతే దానిపై కట్టే నిర్ణయం కూడా తప్పుతుంది. ఆ దృష్టితో నాలుగు ప్రశ్నలనూ మళ్లీ చూడవలసి వచ్చింది.

మొదటి ప్రశ్న సులువైనది. కణపొర నీటిని పోనిస్తుంది, లవణాలను చాలావరకు అడ్డుకుంటుంది. నీరు ఎక్కువ నీటి శక్మం ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి కదులుతుంది. నేలలోని నీటిలో లవణం పెరిగినకొద్దీ దాని శక్మం పడిపోతుంది. విద్యుత్ వాహకత మీటరుకు 10 డెసీసైమన్లు ఉన్న నీటి ద్రవాభిసరణ శక్మం సుమారు –0.36 మెగాపాస్కల్. అదే నేల ఆరి నీరు సగమైతే లవణ గాఢత రెట్టింపై అది –0.72 కు దిగుతుంది. నేల ఆరడం వల్ల కలిగే బిగువు దీనికి అదనం. శాశ్వత వడలు స్థితిగా మనం లెక్కించే –1.5 మెగాపాస్కల్‌కు చేరడానికి నేల పూర్తిగా ఎండవలసిన పనిలేదు. ఇక్కడ వేరు ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. వేరుకణాలు తమలో ద్రావితాలను కూడబెట్టి శక్మాన్ని ఇంకా దించుకోగలిగితే నీరు వస్తుంది, లేకుంటే రాదు. ఆ కూడబెట్టడానికి శక్తి ఖర్చవుతుంది. పైరు పచ్చగానే కనిపిస్తూ దిగుబడి తగ్గడానికి ఒక కారణం ఇదే. ‘ఇష్టపడదు’ అని రాసిన విద్యార్థికి తరువాతి సలహా తట్టదు. శక్మం లెక్క వేసినవాడు మాత్రం ఉప్పు నేలలో పలుచగా, తరచుగా తడి ఇవ్వాలని, రెండు తడుల మధ్య నేలను ఆరనివ్వకూడదని తానే చెప్పగలడు.

రెండో ప్రశ్నకు గోదావరి డెల్టాతో నేరుగా సంబంధం ఉంది. మునిగిన వరి గాలి కోసం సాగుతుందన్న జవాబు నిజమే అయితే, సాగిన మొక్కలన్నీ బతకాలి. వారం పది రోజుల ముంపు తరువాత పొలంలోకి వెళ్లి చూసినవారికి సంగతి తెలుసు. పొడవు సాగిన పైరే నీరు తీయగానే పడిపోయి కుళ్లుతుంది. అసలు జరిగేది ఇది: మొక్క ఎప్పుడూ ఇథిలీన్ అనే వాయువును తయారుచేస్తూనే ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు అది వెంటనే బయటకు పోతుంది. నీటిలో వాయువుల వ్యాపనం గాలిలోకన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మది గనుక, మునిగిన మొక్కలో ఇథిలీన్ చిక్కుకుపోయి పేరుకుంటుంది. దానితో అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, జిబ్బరెల్లిన్‌ల ప్రభావం పెరిగి, కాండం, ఆకులు సాగుతాయి. నీరు నెమ్మదిగా పెరిగి నెలల తరబడి నిలిచే లోతట్టు ప్రాంతాలలో ఈ సాగుదల మొక్కను బతికిస్తుంది. ఉన్నట్టుండి ముంచి రెండు వారాలలో తీసే వరదలో ఇదే సాగుదల నిల్వ పిండిపదార్థాలను ఖర్చు చేయించి చంపుతుంది. ఒకే చర్య ఒకచోట మేలు, మరొకచోట కీడు. దానికి ‘ఉద్దేశం’ ఎక్కడిది?

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకం రెండు వారాల ముంపును తట్టుకోవడానికి కారణమైన సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. ఆ జన్యువు చేసే పని సాగుదలను అణచిపెట్టడం. మొక్క పెరగకుండా ఆగి, పిండిపదార్థాలను దాచుకుని, నీరు తీశాక చిగురిస్తుంది. మన మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) రకంలోకి ఈ జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చేర్చగా వచ్చినదే 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1. ‘ఊపిరి కోసం సాగుతుంది’ అనే జవాబు దగ్గరే ఆగినవారు ఇంకా సాగే రకాన్ని వెదికేవారు.

మూడో ప్రశ్న నాకు ఎక్కువ ఇష్టమైనది. వేరుశనగ బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు మన రక్తంలోని పదార్థానికి దగ్గరి బంధువైన లెగ్‌హీమోగ్లోబిన్‌ది. ఎందుకు అక్కడ అది? నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైమ్ ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది. కాని ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు కావాలి, అంత శక్తి తయారు కావాలంటే బాక్టీరియా శ్వాసించాలి, శ్వాసకు ప్రాణవాయువు కావాలి. ఈ చిక్కును విప్పేది ఆ ఎరుపే. అది ప్రాణవాయువును పట్టి ఉంచి, స్వేచ్ఛగా తిరిగే ప్రాణవాయువును అతి తక్కువ స్థాయిలో నిలుపుతూనే, బాక్టీరియాకు నిరంతరంగా అందిస్తుంది. బుడిపె లోపల ఆకుపచ్చగా మారితే దాని పని ముగిసినట్టు. తెల్లగా ఉంటే లేతదో, పనికిరానిదో. పరికరం అక్కరలేని పరీక్ష ఇది. అయినా ఒక్కసారైనా బుడిపెను చిదిమి చూడకుండానే పట్టా తీసుకుని వెళ్లే విద్యార్థులు ఉండడం విచారకరం.

ఇక ‘సహాయం’ మాట. ఒక బాక్టీరియా నత్రజని ఇవ్వకుండా మొక్క ఇచ్చే చక్కెరలను మాత్రం తింటూ కూర్చుంటే ఏమవుతుంది? ఖర్చు లేని ఆ బాక్టీరియా మరింతగా పెరిగి, కొంతకాలానికి పనిచేసే రకాలు అంతరించాలి. అలా ఎందుకు జరగలేదు? 2003లో ప్రచురితమైన ఒక సోయాచిక్కుడు ప్రయోగం దీనికి జవాబిచ్చింది. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలోని నత్రజనిని తీసివేసి దాని స్థానంలో ఆర్గాన్ వాయువును నింపారు. బాక్టీరియా మంచిదే, స్థిరీకరించడానికి నత్రజనే లేదు. ఆ బుడిపెలకు అందే ప్రాణవాయువు తగ్గింది, వాటిలో బాక్టీరియా సంఖ్య ఇతర బుడిపెలతో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. అంటే ఇక్కడ నడుస్తున్నది స్నేహం కాదు, ఖాతా. (ఖాతా అన్న మాట కూడా మనిషి మాటే. ఈ జారుడు నేలపై అధ్యాపకుడి కాలూ నిలవదు.)

ఈ భేదం పొలంలో ఎక్కడ పనికివస్తుంది? నేలలో నత్రజని పుష్కలంగా ఉన్నప్పుడు మొక్కలో బుడిపెలు ఏర్పడడం, పనిచేయడం రెండూ తగ్గుతాయి. ‘సహాయం’ అనుకున్న రైతు, దానికి తోడుగా మనమూ కొంత సహాయం చేద్దామని వేరుశనగకు బస్తా యూరియా చల్లుతాడు. మొదట్లో కొద్దిగా ఇచ్చే నత్రజని వేరు, అది వేరు. అలాగే రైజోబియం పొట్లంలో ఉన్నవి ప్రాణమున్న కణాలు. ఎండలో దుకాణం గుమ్మం ముందు పెట్టిన పొట్లంలో మిగిలేది ఎక్కువగా వాహక పదార్థమే. విత్తనశుద్ధిలో శిలీంధ్రనాశిని ముందు, కీటకనాశిని తరువాత, రైజోబియం చివర అన్న క్రమం కూడా ఇందుకే.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న. మన దేశంలో 2002లో క్రై1ఎసి జన్యువుతో, 2006లో దానికి క్రై2ఎబి జన్యువు తోడై బీటీ పత్తి సాగులోకి వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు క్రై1ఎసికి నిరోధకత పొందిన సంగతి బయటపడింది. తరువాతి సంవత్సరాలలో రెండు విషాలకూ నిరోధకత వచ్చి తెలుగు జిల్లాలలోనూ గుడ్డిపూలు, తొలిచిన కాయలు మామూలయ్యాయి.

ఏ పురుగూ తన జీవితకాలంలో విషానికి అలవాటు పడలేదు. విషం పురుగు పేగులోని కాడ్‌హెరిన్ అనే ప్రొటీనుకు అంటుకోవాలి. ఆ ప్రొటీను జన్యువులో మార్పున్న పురుగుకు క్రై1ఎసి అంటుకోదు. ఆ మార్పు విషం వల్ల పుట్టలేదు. విషం ఉన్నా లేకపోయినా ఏదో ఒక పురుగులో యాదృచ్ఛికంగా పుడుతూనే ఉంటుంది. బాక్టీరియా విషయంలో ఈ సంగతిని లూరియా, డెల్‌బ్రక్‌లు 1943లోనే నిరూపించారు. విషం చేసే పని ఎంపిక మాత్రమే.

లెక్క వేద్దాం. నిరోధక యుగ్మవికల్పం వేయింటికి ఒకటి ఉన్నదనుకుంటే, పది లక్షల పురుగులలో రెండు ప్రతులూ ఉన్నది ఒక్కటే. ఒక్క ప్రతి ఉన్నవి సుమారు 1,998. నిరోధకత అంతర్గత లక్షణమై, విషం మోతాదు తగినంత ఉంటే ఈ 1,998 చనిపోతాయి, ఆ ఒక్కటి బతుకుతుంది. పక్కనే మామూలు పత్తి ఉంటే దానిలోంచి వచ్చే వేలాది రెక్కల పురుగులలో ఒకదానితోనే దానికి జత కుదురుతుంది. సంతానమంతా ఒక్క ప్రతి ఉన్నదే గనుక బీటీ మొక్కపై చస్తుంది. మామూలు పత్తి లేకపోతే బతికినవి బతికినవాటితోనే జతకడతాయి. యుగ్మవికల్పం పదింటికి ఒకటి అయ్యేసరికి నూటికి ఒక పురుగు పూర్తి నిరోధకమవుతుంది. అక్కడి నుండి వేగం మన చేతిలో ఉండదు.

450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చింది ఇందుకోసమే. అది చాలా పొలాలలో గట్టు మీదే ఉండిపోయింది. రెండెకరాల కౌలురైతు పురుగులను మేపడానికి అయిదు వరుసలు వదులుకోలేదని నిందించడం నాకు న్యాయంగా తోచదు. ఆ విత్తనం ఎందుకో చెప్పవలసిన మేము ‘అలవాటు’ కథ చెప్పుతూ ఉన్నాము. అలవాటు పడే పురుగుకు తిండి పెట్టి పెంచమంటే ఎవరు వింటారు? పైగా మనవి సంకర విత్తనాలు. మొక్కలో ఒక్కో బీటీ జన్యువుకు ఒక్క ప్రతే ఉన్నప్పుడు, కాయలోని గింజలు మెండెల్ సూత్రం ప్రకారం విడిపోతాయి. క్రై1ఎసి గింజలు నాలుగింట మూడు, రెండు జన్యువులూ ఉన్నవి పదహారింట తొమ్మిది, ఏదీ లేనివి పదహారింట ఒకటి. గింజ నుండి గింజకు మారే పురుగుకు అందే మోతాదు నిలకడగా ఉండదు. ఒక్క ప్రతి ఉన్న పురుగులకు అది బతికే అవకాశం. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా నిలపడం వల్ల మరిన్ని తరాలకు ఈ ఎంపిక కొనసాగింది. డిసెంబరుకల్లా పంట ముగించి మోళ్లు తీసివేయమని చెప్పడంలోని అర్థం ఆ తరాలను తెంచడమే.

అరిజోనాలో 1996 నుండి 2005 వరకు ఆశ్రయ పంటను పాటించడంతో నిరోధకత పెరగలేదు. 2006 నుండి వంధ్యం చేసిన రెక్కల పురుగులను పెద్ద ఎత్తున వదిలారు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల నుండి ఈ పురుగు నిర్మూలన అయినట్టు ప్రకటించారు. పెద్దాయన ప్రశ్నకు సమీపమైన జవాబు మాత్రం చైనాలోని యాంగ్జీ నది లోయలో ఉంది. అక్కడి రైతులు రెండో తరం సంకర విత్తనాలు వేశారు. వాటిలో నాలుగింట ఒక మొక్క మామూలు పత్తి. ఏ ప్రణాళికా లేకుండానే పొలం నిండా ఆశ్రయ మొక్కలు ఏర్పడ్డాయి. అంతకుముందు పెరుగుతూ వచ్చిన నిరోధకత తగ్గుముఖం పట్టింది.

అంటే ఆ రోజు నేను చెప్పిన “తప్పిపోదండీ” పూర్తిగా సరికాదు. పురుగు అలవాటు మానుకోదు, నిజమే. కాని మామూలు పత్తిపై బతికిన పురుగులు చేరి జనాభాలో నిరోధక వికల్పం పలచబడగలదు. ఎంత మామూలు పత్తి, ఎన్ని పొలాలలో, ఎన్ని తరాలు, వికల్పం ఇప్పటికే ఏ స్థాయిలో ఉన్నది అన్నవాటిపై అది ఆధారపడుతుంది. ఒక్క రైతు ఒక్క పొలంలో రెండేళ్లు ఆపితే ఆయన పంట నష్టమవడమే తప్ప పురుగులో మార్పు ఉండదు.

గత సంవత్సరం నాలుగో ప్రశ్నను మార్చాను. ఆయన అడిగిన వాక్యాన్నే, ఆయన మాటలలోనే ఇచ్చి, వికల్పం నిష్పత్తి ఒకటి ఊహించుకుని లెక్కతో జవాబు రాయమన్నాను. చాలామంది చక్కగానే లెక్క వేశారు. ఒక అమ్మాయి మాత్రం లెక్క మొదలుపెట్టకుండా కాగితం పైభాగంలో ఒక ప్రశ్న రాసింది: “సార్, ఆ రైతు చుట్టుపక్కల పొలాలలో ఆ రెండేళ్లూ ఏ పత్తి వేస్తారు? అది చెప్పకుండా జవాబు రాయలేను.” నా మూల్యాంకన పత్రంలో దానికి మార్కులు కేటాయించి లేవు. కొట్టివేసి, కొత్తగా రాసుకున్నాను.