ఆట ఒక్కటే... సొమ్ము చేరే చోటే వేరు

పెళ్ళివారింట భోజనాలకు ముందో, వినాయక చవితి పందిట్లో సాయంత్రం పూటో ఈ మధ్య ఒక ఆట కనబడుతోంది. మనిషికో చీటీ ఇస్తారు. ఒకరు సంచిలో నుంచి బిళ్ళ తీసి నంబరు చదువుతారు. ఆ నంబరు చీటీలో ఉన్నవారు కొట్టేసుకుంటారు. అందరికన్నా ముందు ఎవరి చీటీ పూర్తయితే వారిదే పెద్ద బహుమతి. పట్నంవాసులు దీనిని తంబోలా అనీ, హౌసీ అనీ అంటారు. ఇంగ్లీషువారికి ఇదే బింగో. బలంతో, తెలివితో పనిలేని ఈ ఆట ఏ దేశం వెళితే ఆ దేశపు వేషం వేసుకోవడం విశేషం.

రాజుకూ సన్యాసికీ తగవు

తంబోలా అనే మాట ఇటలీ నుంచి వచ్చింది. 1734లో నేపుల్స్ రాజు చార్లెస్ ఖజానాకు రాబడి కోసం లాటరీ నడపాలనుకున్నాడనీ, బీదల కొంపలు మునుగుతాయని గ్రెగోరియో రోక్కో అనే సన్యాసి అడ్డుపడ్డాడనీ చెబుతారు. చివరకు క్రిస్మస్ వారంలో మాత్రం లాటరీ ఆపాలని రాజీ కుదిరిందట. ఆ వారం ఊరుకోలేని జనం చిన్న బుట్టలో 90 బిళ్ళలు పోసుకుని ఇళ్ళలోనే ఆడసాగారట. నేటికీ అక్కడ క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడతారు. నంబరుకో అర్థం కూడా ఉంది. 90 అంటే భయం, 48 అంటే మాట్లాడే శవం. పందెం చిల్లర డబ్బులే. అవీ ఆ ఇంట్లోనే తిరుగుతాయి.

అక్షరం రాకున్నా ఆడవచ్చు

మెక్సికోలో ‘లోతేరియా’ అంటారు. అక్కడ నంబర్లకు బదులు 54 బొమ్మలు: కోడిపుంజు, తేలు, చందమామ మొదలైనవి. ఒక్కో అట్టపై 16 బొమ్మలుంటాయి. పిలిచేవాడు బొమ్మ పేరు సూటిగా చెప్పక పొడుపుకథలా విసురుతాడు. ఆడేవారు ఆ బొమ్మపై చిక్కుడు గింజో, మొక్కజొన్న గింజో పెడతారు.

సినిమా హాళ్ళలో బింగో

బ్రిటిషు సైన్యంలో దీని పేరు ‘హౌస్’. హౌసీ అన్నది దాని నుంచి వచ్చిందే. మన తంబోలా చీటీ లాగే అక్కడా మూడు వరుసలు, 15 నంబర్లు. 1960 నాటి చట్టంతో బింగో క్లబ్బులకు దారి ఏర్పడింది. మన దగ్గర సినిమా హాళ్ళు కల్యాణమంటపాలైనట్లు, అక్కడ మూతబడిన హాళ్ళెన్నో బింగో హాళ్ళయ్యాయి. 88 వస్తే ‘ఇద్దరు లావుపాటి అమ్మలు’ అని పిలుస్తారు. 22 వస్తే ‘రెండు బాతులు’ అనగానే జనం బాతుల్లా అరుస్తారు. సరదా జనానిదే గాని, లాభం మాత్రం కంపెనీలది.

తెగను నిలబెట్టిన ఆట

అమెరికాలో చీటీకి అయిదు వరుసలు, అయిదు నిలువు గళ్ళు. నంబర్లు 75. నడిమి గడి ఉచితం. 1929లో ఎడ్విన్ లోవ్ అనే బొమ్మల వ్యాపారి జాతరలో ఈ ఆట చూసి, చీటీలు అచ్చువేసి అమ్మాడు. తరువాత చర్చిలు చందాల కోసం దీనిని చేపట్టాయి. ఫ్లోరిడాలోని సెమినోల్ అనే ఆదివాసి తెగ 1979లో పెద్ద బింగో హాలు తెరవగా పోలీసు అధికారులు అడ్డు చెప్పారు. కోర్టులో తెగే గెలిచింది. తెగలకు వచ్చే ఇటువంటి ఆదాయాన్ని తెగ పాలనకు, ప్రజల మేలుకు ఖర్చు చేయాలని 1988లో చట్టం వచ్చింది.

ఇక మన లెక్క

మన దేశంలో సైనికుల మెస్సుల్లో, క్లబ్బుల్లో నిలదొక్కుకున్న ఈ ఆట ఇప్పుడు ఊళ్ళకూ చేరింది. 50 మంది పది రూపాయల చొప్పున చీటీలు కొంటే 500 రూపాయలు. మొత్తం బహుమతులుగా పంచితే అది వినోదం. నిర్వాహకుడు 200 ఉంచుకుని 300 పంచితే, సగటున పది రూపాయలకు తిరిగి వచ్చేది ఆరే. ఆ నాలుగు రూపాయలు గుడికో, బడికో పోతే చందా అనుకోవచ్చు. ఒకడి జేబులోకి పోతే అది వాడి వ్యాపారం. సెల్‌ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించి నిషేధించారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

చీటీ చేతికి తీసుకునే ముందు, మిగిలే సొమ్ము ఎక్కడికి పోతుందని నిర్వాహకుణ్ణి నలుగురిలో అడగడం మంచిది.